బిట్లు రాని పుస్తకాల అర

బాలకిషన్ అన్నకు నలభై ఆరేండ్లు. గ్రూప్స్ ఆరుసార్లు రాసిండు, ఒక్కసారి గూడ కొలువు దగ్గరిదాక రాలేదు. పదేండ్ల నుంచి అశోక్ నగర్‌ల రాజశేఖర్ గారి పుస్తకాల దుకాణంల పని. దుకాణం నిండ పోటీ పరీక్షల గైడ్లే. ఒక్క అర మాత్రం అన్న సొంతం. ప్రతి ఎండాకాలం కొత్తగా వచ్చిన పుస్తకాలు వెతికి తెచ్చి అందుల పెడతడు. కథలు కావు, నిజంగ జరిగినవి. ఈసారి ఒక నర్సు తన డ్యూటీ రోజుల గురించి రాసింది, మాయమైన చెరువుల మీద ఒకటి, జొన్న చరిత్ర ఒకటి.

కొనేటోడు లేడు. "నెలాఖరు దాక చూస్త. పోకుంటే అక్కడ గైడ్లు పెట్టు" అన్నడు రాజశేఖర్ గారు.

వచ్చినోళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, ఇందులకెళ్లి పరీక్షల ఎన్ని బిట్లొస్తయ్?"

"ఒక్కటి గూడ రాదు" అంటడు ఈ మహానుభావుడు.

డిగ్రీ మధ్యల వదిలేసి రోజూ దుకాణం మెట్ల మీద కూసునే నేనే చెప్పిన, "గట్లంటే ఎవరు కొంటరే అన్నా? పరీక్షకు పనికొస్తదని చీటీ అంటించు." రెండు రోజులు నన్ను తిట్టి, మూడోనాడు అంటించిండు. వారంల పదకొండు పోయినయ్. అన్న మొహంల మాత్రం నవ్వు లేదు.

తర్వాత హాస్టల్ పిల్ల స్వరూప నర్సు పుస్తకం పట్టుకొని వచ్చింది.

"ఏందన్నా ఈ మోసం? మొత్తం చదివిన. పరీక్షకు ఏం లేదిందుల!"

అన్న తెరిచి చూసిండు. అంకె కనపడ్డ ప్రతిచోట ఎర్ర గీత. వార్డుల మంచాలు ఇరవై ఎనిమిది, గీత. నర్సు ఎక్కిన బస్సు నంబరు, గీత. నాకు నవ్వాగలే. తొంభయ్యో పేజీ తర్వాత ఒక్క గీత లేదు.

"ఇక్కడ ఆపినవేంది చెల్లె?"

"మూల మంచం ముసలామె పోయిన కాడినుంచి... పెన్ను సంగతే యాదికి లేదు."

"తప్పు నాదే. పుస్తకం ఇటియ్యి, పైసలు వాపసిస్త."

"ఇదెందుకిస్త? ఆ చెరువులది చూపియ్" అని, అదీ కొనుక్కపోయింది.

ఆమె పోంగనే అన్న చీటీలన్నీ పీకేసిండు. సాయంత్రం రాజశేఖర్ గారికి తనే చెప్పిండు. "సార్, పన్నెండు పోయినయ్. పదకొండు అబద్ధం చెప్పి అమ్మిన. లెక్కకు ఒక్కటే."

ఆయన అర దిక్కు చూసి అన్నడు, "ఒక్కదానికి అర ఇయ్యలేనయ్యా. మిగిలినయి కౌంటర్ మీద పెట్టుకో."

తెల్లారి అరల గైడ్లు ఎక్కినయ్. మిగిలిన జొన్న చరిత్ర నాలుగు కాపీలు కౌంటర్ మీద, సరిగ్గ బిల్లు రాసే చోట పెట్టిండు అన్న. ఇప్పుడు గైడు కొనేటోడు ఎవడైనా వాటిని చేత్తో పక్కకు జరపాలె. జరిపేటప్పుడు కొందరు అట్ట చూస్తున్నరు.