కాటుక పడిందని చెప్పాను

ఎన్నో ఏళ్ళుగా ఒక చిన్న వాక్యాన్ని మోస్తున్నాను. "కంట్లో కాటుక పడిందండీ." ఏ తల్లి అయినా, ఏ ఉదయమైనా అనగలిగే మాట. నేను అన్నది అబద్ధం. అది అబద్ధమని నాకు తప్ప ఎవరికీ తెలియదు. నా భర్తకు కూడా సగమే తెలుసు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు పూర్తిగా చెప్పగలనని అనుకుంటున్నాను. చెప్పగలనో లేదో చివరికి వచ్చాక చూద్దాం.

ముందు నా వృత్తి గురించి చెప్పాలి. నా తప్పుకు అది సాకు కాదు, పనిముట్టు. నేను సూక్ష్మజీవశాస్త్రం చదివాను. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో ఆ పాఠమే చెప్పేదాన్ని. ఎవరు ఏది చెప్పినా ఆధారమేమిటని అడగడం నా అలవాటు. పెరుగు తింటే జలుబు చేస్తుందని ఇంట్లో ఎవరైనా అంటే ఒప్పుకునేదాన్ని కాదు. పుస్తకంలో అచ్చయిన మాటనైనా ఇంకో పుస్తకంతో పోల్చి చూశాకే తరగతిలో చెప్పేదాన్ని. ఆ అలవాటును చూసుకుని నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ కొంత మిగిలి ఉందేమో.

కాపురం ఏలూరులో. ఆయన మందుల కంపెనీ ప్రతినిధిగా ఊళ్ళు తిరిగేవారు. నేను పొద్దున్నే పాసింజరు ఎక్కి గూడెం వెళ్ళి, చీకటి పడే వేళకు తిరిగి వచ్చేదాన్ని. మా అమ్మ అప్పటికే లేదు. అత్తగారు మోకాళ్ళ నొప్పులతో మంచం దిగలేని స్థితిలో మా ఆడపడుచు దగ్గర ఉండేవారు. పాపను చూడటానికి ఇంట్లో మనిషిని పెట్టుకుంటే నా జీతంలో పెద్ద భాగం ఆమెకే పోతుంది. అలాంటప్పుడు ఉద్యోగం ఎందుకని బంధువులు అడిగేవారు. ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. నిజమే. కానీ ఈ నిజాన్ని చెబుతున్నప్పుడు కూడా నాకు నా మీద అనుమానం కలుగుతుంది. నేను న్యాయం గురించి మాట్లాడుతున్నానా, లేక నా తప్పులో ఆయనకు వాటా పంచుతున్నానా?

స్టేషనుకు వెళ్ళే దారిలో, చర్చి వెనక వీధిలో మరియమ్మగారి ఇల్లు. ఆమె ఒకప్పుడు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి మానేశారు. ఉద్యోగాలకు వెళ్ళే తల్లుల పిల్లల్ని వసారాలో పెట్టుకుని చూసేవారు. మాబోటి వాళ్ళకు అందుబాటులో ఉన్న చోటు అదొక్కటే. ఆమెకు ఒకటే నియమం. ఒళ్ళు వెచ్చగా ఉన్న పిల్లలెవరినీ గడప దాటనివ్వరు. బిడ్డను అందుకోగానే గౌను పైకెత్తి, పొట్టకు తన చెంప ఆనించి, కాసేపు కళ్ళు మూసుకునేవారు. ఆ తరువాతే లోపలికి. "ఒకళ్ళకి వస్తే అందరికీ అంటుకుంటాదండీ, పాలు తాగే పిల్లలున్నారు నా దగ్గర" అనేవారు. చెంప కొలమానం కాదని చెప్పి నేనొక థర్మామీటరు కొనిచ్చాను. దాన్ని పళ్ళపొడి డబ్బా పక్కన గ్లాసులో నిలబెట్టి, "ఇది మేడంగారి పుల్ల, ముట్టుకుంటే కొడతారు" అని పిల్లల్ని బెదిరించేవారు. చెంప ఆనించడం మాత్రం మానలేదు.

ఆ పాలు తాగే పిల్లల్లో నాగమణి కొడుకు ఒకడు. వాడికి ఏడో నెల. నాగమణిది కొల్లేటి లంక గ్రామం. సరస్సులో వెలసిన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టిన ఏడాది అది. చెరువు మీద కాపలా ఉండే ఆమె భర్తకు పని పోయింది. ఇద్దరూ ఏలూరు వచ్చారు. ఆమె చేపలకు ఐసు వేసి పెట్టెల్లో సర్దే షెడ్డులో చేరింది. సాయంత్రం తడిసిన చీరతో వచ్చి, కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే కొడుకును ఎత్తుకునేది. ఆమెతో నేను పెద్దగా మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదని మీరు అడగవచ్చు. రైలుకు వేళయిందని చెబుతాను. ఆ వాసన వల్ల అనడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇక ఆ ఉదయం.

పాపకు అప్పటికి ఏడాది నిండబోతోంది. తొమ్మిదో నెల నిండగానే వేయించవలసిన తట్టు టీకా ఇంకా వేయించలేదు. టీకా వేస్తే జ్వరం రావచ్చు, జ్వరం వస్తే మరియమ్మగారు తీసుకోరు, ఆమె తీసుకోకపోతే నేను సెలవు పెట్టాలి, కాంట్రాక్టు లెక్చరరు సెలవులు పెడితే మరుసటి ఏడాదికి పిలుపు రాదు. అందుకని పరీక్షలు అయ్యాక వేయించుకోవచ్చులే అనుకున్నాను. టీకాల ఆవశ్యకత మీద తరగతిలో పాఠం చెప్పిన మనిషిని నేను. ఆ పాఠం చెబుతున్నప్పుడు నాకు నా కూతురు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదా? వచ్చింది. అది కూడా చెప్పాలి కదా.

ముందు వారమే మా పక్క వాటాలో పిల్లవాడికి తట్టు వచ్చింది. ఆ రోజు లేచేసరికి పాప ఒళ్ళు కాలుతోంది. ముక్కు కారుతోంది. కళ్ళు ఎర్రబడి నీళ్ళు నిండి ఉన్నాయి. దద్దుర్లు మాత్రం లేవు. దద్దుర్లు రావడానికి ముందే ఆ జబ్బు ఎక్కువగా పాకుతుందని నాకు తెలుసు. జ్వరం, జలుబు, ఎర్రబడిన కళ్ళు, ఆ తరువాత దద్దుర్లు అని విద్యార్థుల చేత రాయించిన వరుస అది. తట్టేనని నిర్ధారించడానికి నా దగ్గర ఏమీ లేదన్న మాట నిజం. కానీ నేను నిర్ధారణ కోసం చూడలేదు. గడియారం చూశాను.

ఆ రోజు మా విద్యార్థులకు ప్రయోగ పరీక్షలు. బయటి కళాశాల నుంచి పరీక్షకుడు వస్తున్నాడు. మా ఆయనకు ఫోన్ చేశాను. ఏదో ఊళ్ళో డాక్టరు కోసం బయట కూర్చుని ఉన్నారు. "ఏదో ఒకటి నువ్వే చూసుకో" అన్నారు. చూసుకున్నాను. జ్వరం మందు పట్టాను. దిగేదాకా ఆగి, తడిబట్టతో ఒళ్ళు తుడిచి, పొట్ట మీద చెయ్యి వేసి చూశాను. తరువాత చెయ్యి తీసి చెంప ఆనించాను. ఆమె ఎలా చూస్తారో అలాగే. చల్లగా ఉంది. మందు ఎంతసేపు పనిచేస్తుందో నాకు తెలుసు. అప్పుడు కళ్ళ సంగతి ఆలోచించాను. ఎప్పుడూ పాపకు కాటుక పెట్టవద్దని వాదించే నేను, నా కాటుక డబ్బీ తీసి పెట్టాను. కొంచెం చెదిరేలా పెట్టాను.

మరియమ్మగారు గుమ్మంలోనే ఉన్నారు. పొట్టకు చెంప ఆనించి కళ్ళు మూసుకున్నారు.

"చల్లగానే ఉందండీ. రాత్రి ఒళ్ళేమైనా వెచ్చబడిందా?"

"లేదండీ."

"మరి కళ్ళలా నీళ్ళోడుతున్నాయేంటండీ?"

"కంట్లో కాటుక పడిందండీ."

ఆమె నవ్వి, కొంగుతో పాప కళ్ళు తుడిచారు. "మీ అమ్మకి సైన్సు చెప్పడమే వచ్చు గానీ కాటుక పెట్టడం రాదే బంగారం. రేపటి నుంచి నేను పెడతాలే. వెళ్ళండి మేడంగారూ, రైలుకి టైమైపోతంది."

వెళ్ళాను. భీమడోలు దాటేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను. పరీక్ష ఏ లోపమూ లేకుండా జరిగింది. పరీక్షకుడు మెచ్చుకున్నాడు. నేను సంతోషించాను కూడా. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పుడు కలిగే సిగ్గు, అబద్ధం తలచుకుంటే కలిగే సిగ్గు కంటే ఎక్కువ. ఎందుకో నాకు తెలియదు.

సాయంత్రం వెళ్ళేసరికి పాప లోపలి గదిలో, మరియమ్మగారి సొంత మంచం మీద ఉంది. మందు పని అయిపోయి మధ్యాహ్నం మళ్ళీ జ్వరం కాసింది. ఆమె మిగతా పిల్లలకు దూరంగా తెచ్చి పడుకోబెట్టి, తడిబట్ట వేస్తూ కూర్చున్నారు. నన్ను చూడగానే లేచారు. "పొద్దుట బానే ఉందండీ, ఉన్నట్టుండి కాసేసింది. నా దగ్గరే ఏదో పట్టినట్టుంది. ఏమీ అనుకోకండి మేడంగారూ."

"పరవాలేదండీ" అన్నాను.

మీరు గమనించారో లేదో. ఆమె నన్ను క్షమించమని అడిగారు. నేను క్షమించాను.

పాపకు దద్దుర్లు వచ్చాయి, తగ్గాయి. పరీక్షలు అయిపోయాయి కనుక నాకు సెలవు దొరికింది. రెండు వారాలు తిరగక ముందే నాగమణి కొడుక్కు వచ్చింది. టీకా వయసు ఇంకా రాని పసివాడు. ఊపిరితిత్తులకు పాకి పెద్దాసుపత్రిలో పడుకోబెట్టారు. బతికాడు. చెవుల్లోంచి చాలా కాలం చీము కారిందని విన్నాను.

అప్పుడు వసారాలో తల్లుల మధ్య మాటలు మొదలయ్యాయి. అంతకు ముందు నాగమణి కొడుకును తీసుకుని లంకకు వెళ్ళి వచ్చిందట. అక్కడి నుంచే ఈ జబ్బు తెచ్చిందని, మా పాపకు వాడి వల్లే అంటుకుందని, లంక వాళ్ళ పిల్లవాడిని మన పిల్లల మధ్య పెట్టడమేమిటని. ఒకావిడ నా వైపు తిరిగి, "మీరు ఆ సబ్జెక్టే కదండీ, అంతేనంటారా?" అని అడిగింది. ఎవరికి ముందు వచ్చిందో, ఎవరికి తరువాత వచ్చిందో అక్కడున్న అందరికంటే నాకే బాగా తెలుసు. మధ్యన ఉన్న రోజుల ఎడమే జబ్బు ఎవరి నుంచి ఎవరికి పాకిందో చెబుతోంది. నేను ఏమన్నానో తెలుసా?

"ఆధారం లేకుండా ఏమీ చెప్పలేమండీ."

నా జీవితమంతా నిజాయితీగా వాడిన వాక్యం అది. ఆ రోజు కూడా అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. వాళ్ళు దాన్ని అవునని అర్థం చేసుకున్నారు. అలాగే అర్థం చేసుకుంటారని నాకు ముందే తెలుసు.

వాడైనా ఉండాలి, మా పిల్లలైనా ఉండాలి అన్నారు తల్లులు. మరియమ్మగారికి జరుగుబాటు మా పిల్లల మీదే. ఆమె నాగమణికి ఏమని చెప్పి పంపారో నేను వినలేదు. ఆ తరువాత చాలా రోజులు వసారాలో ఆమె నవ్వు కూడా వినలేదు. నాగమణి కొన్నాళ్ళు పిల్లవాడిని ఐసు షెడ్డుకే ఎత్తుకు వెళ్ళిందట. అక్కడ కుదరక, పని మానేసి లంకకు వెళ్ళిపోయింది.

పిలిస్తే వాడు పలకడం లేదన్న కబురు రెండేళ్ళకో మూడేళ్ళకో వచ్చింది. నేను నమ్మలేదు. ఎవరో చెప్పిన మాటను పరీక్షించకుండా ఎలా నమ్ముతాను? కొల్లేటి నీటి నమూనాల కోసం విద్యార్థులను తీసుకువెళ్ళే పని పెట్టుకుని, వాళ్ళను గట్టు మీద ఉంచి, ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. నాగమణి వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. పిల్లవాడు అరుగు మీద నాకు వీపు పెట్టి నత్తగుల్లలు పేర్చుకుంటున్నాడు. ఆమె మంచినీళ్ళకని లోపలికి వెళ్ళింది. నేను సంచిలోంచి తాళాల గుత్తి తీసి, వాడి వెనక, సిమెంటు గచ్చు మీద వదిలాను.

వాడు తిరగలేదు.

గుత్తి ఏరుకున్నాను. ఒక్క పరిశీలన చాలదు కనుక ఇంకొంచెం ఎత్తు నుంచి మళ్ళీ వదిలాను.

తల ఎత్తేసరికి నాగమణి నీళ్ళ చెంబుతో గుమ్మంలో నిలబడి ఉంది. "వినబడదండీ" అంది. "వచ్చినోళ్ళందరూ ఇలాగే ఏదోటి పడేసి చూస్తారు. మీరు కంగారు పడకండి." చెంబు అందిస్తూ అడిగింది. "మీ పాప బావుందాండీ? మావోడి వల్లే తనకీ వచ్చిందన్నారు. మనసులో పెట్టుకోకండి."

"పరవాలేదండీ" అన్నాను. నీళ్ళు తాగాను.

చెయ్యని తప్పుకు ఇద్దరు మనుషులు నన్ను క్షమించమని అడిగారు. నేను రెండుసార్లూ ఒకే మాట అన్నాను.

ఇప్పుడు నా లోపలి పరీక్షకుడు లేస్తాడు. నీ కూతురి వల్లే వాడికి సోకిందని రుజువు ఉందా? ఆ ఏడాది ఊళ్ళో ఇంకెందరికో తట్టు వచ్చింది కదా? షెడ్డులో మరెవరి నుంచైనా తల్లి బట్టల మీద వచ్చి ఉండదా? వినికిడి పోవడానికి వేరే కారణం ఉండకూడదా? ఈ ప్రశ్నలన్నీ సరైనవే. వీటిలో ఒక్కదానికీ నేను జవాబు చెప్పలేను. ఇన్నాళ్ళూ ఆ చెప్పలేకపోవడంలోనే తల దాచుకున్నాను. సందేహించడం నాకు నేర్పినవాళ్ళు సత్యం కోసం నేర్పారు. నేను దాన్ని దాక్కోవడానికి వాడాను. ఫలితాన్ని రుజువు చేయలేనని చెప్పుకుంటూ, రుజువే అక్కర్లేని దాన్ని పక్కకు నెట్టాను. జ్వరం ఉందని నాకు తెలుసు. లేదని చెప్పాను. ఇందులో సందేహానికి చోటెక్కడ?

ఉద్యోగం, చేతిలో సెలవు లేకపోవడం, ఊళ్ళో మరో చోటు లేకపోవడం, ఇవేవీ అబద్ధాలు కావు. నా స్థానంలో ఉన్న తల్లులు చాలామంది జ్వరం మందు పట్టి పిల్లల్ని పంపి ఉంటారు, వాళ్ళను నేనేమీ అనను. కానీ నాగమణి కూడా పనికి వెళ్ళే తల్లే. ఆమె చేతులు కడుక్కుని బిడ్డను ముట్టుకునేది.

మరియమ్మగారు పోయారు. అంత్యక్రియల రోజు చర్చి గేటు దాకా వెళ్ళి, లోపలికి పోకుండా వెనక్కి వచ్చాను. లంకకు దారి నాకు తెలుసు. ఆ పిల్లవాడు ఈపాటికి పెద్దవాడయ్యాడు. వెళ్ళలేదు. ఇది రాయడం వెళ్ళడంతో సమానం కాదు. వినవలసినవాళ్ళను వదిలేసి మీతో చెబుతున్నానని నాకు తెలుసు. మీరు క్షమించినా ఆ మాట మీది కాదు, నాకు చెందదు కూడా. దయచేసి అనకండి.

గుమ్మంలో ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం నేను ఇంతవరకు జవాబు చెప్పలేదు. ఇక్కడైనా చెబుతాను.

అవునండీ మరియమ్మగారూ. ఒళ్ళు వెచ్చబడింది. కాలిపోయింది. కాటుక నేనే పెట్టాను.