గుండు పెట్టని తుపాకీ

తెల్లవారుజామున ప్రార్థన ముగించి, మొహం కడుక్కున్న తడి గడ్డం మీద ఇంకా ఆరకముందే, జక్రయ్య తన తుపాకీ గొట్టంలోకి ఇనుప కడ్డీ జారవిడిచేవాడు. వసారాలో నిలబడి, గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి, కడ్డీని వేళ్ల మధ్య నుంచి వదిలేసేవాడు. అది అడుగుకు తగిలి ఖణ్‌మని మోగితే గొట్టం ఖాళీ అన్నమాట. ఆ మోత విన్నాకే భార్య దేవకుమారి అందించిన టీ గ్లాసు పుచ్చుకునేవాడు. రాత్రి తానే ఖాళీ చేసి తగిలించిన తుపాకీ, తానే గడియ పెట్టిన తలుపు. అయినా ఒక్క రోజు కూడా మానింది లేదు.

పక్కింటి బుడాన్ ఆ మోతకే లేచేవాడు.

"ఏం మామా, రాత్రి దయ్యాలొచ్చి మందు కూరి పోయినయ్యా?" అని గోడ మీదుగా వేళాకోళమాడేవాడు.

"దయ్యాలతో నాకేం భయంరా అల్లుడూ. నా మతిమరుపుతోనే భయం."

వినుకొండ అవతల, గుట్టల వాలులో ఉన్న ఊరు అది. గుట్ట దిగితే మిర్చి చేలు, ఆ పక్కన పత్తి, కంది. పంట కాపలా కోసం జక్రయ్య తండ్రి ఆదాం ఎప్పుడో లైసెన్సు తెచ్చుకున్నాడు. తండ్రి పోయాక తుపాకీతో పాటు ఊరి కాపలా కూడా కొడుక్కే వచ్చింది. తూటా తోసి పేల్చే కొత్త రకం కాదది. ఒక్కొక్క మోతకూ మొదటి నుంచి నింపుకోవాలి. కొమ్ముతో కొలిచి మందు పొయ్యాలి, పైన గోగునార ఉండ పెట్టి కడ్డీతో కూరాలి, చివరికి నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీ తొడగాలి. పత్తి అయితే మెత్తగా కూరుకుంటుంది గానీ, మండుతూ వెళ్లి ఎవరి చేలోనో పడుతుందని జక్రయ్య నారే వాడేవాడు. ఆ నారను దేవకుమారి మధ్యాహ్నాలు కూర్చుని చీల్చి పెట్టేది.

గుండు మాత్రం ఎన్నడూ వెయ్యలేదు. మోత మోగుతుంది, పొగ లేస్తుంది, జింకలు గుట్టకు పరుగెడతాయి. ఆ తర్వాత జక్రయ్య ఎవరి చేలో పేల్చితే ఆ చేలోకి దిగి, గిట్టల కింద పడిన మిర్చి మొక్కల్ని వేళ్లతో నిలబెట్టి, మొదట్లో మన్ను అదిమి వచ్చేవాడు. ఆ పని చెయ్యమని ఆయన్ని ఎవరూ అడగలేదు. శుక్రవారం మధ్యాహ్నం బుడాన్ నమాజుకు పోతే అతని చేను జక్రయ్య చూసేవాడు. ఆదివారం ఆరాధనకు జక్రయ్య గుడికి పోతే బుడాన్ డబ్బా వాయిస్తూ గట్ల మీద తిరిగేవాడు.

కిందటిసారి ఎన్నికలకు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించమన్నారు. తిరిగి చేతికొచ్చేసరికి జింకలకు భయం పోయింది. మోత వింటే తలెత్తి చూసి, నాలుగు గంతులు వేసి, మళ్లీ మేతకు దిగేవి. బుడాన్ కౌలుకు పట్టిన చేలో మొదట నాటిన మిర్చి నారు మొత్తం మేసేశాయి. రెండోసారి నాటాడు. మూడోసారి నాటే శక్తి అతనికి లేదు.

"ఒక్కదాన్ని పడగొట్టు మామా. మిగతావి ఇటు దిక్కు చూడవు."

"అదొకటి మాత్రం అడగమాక."

"జైలుకు భయమా?"

"జైలు సంగతి తర్వాతరా. దానికీ ఆకలి పెట్టింది దేవుడే గదా. నా చేలోంచి పోవే అని అరిచే హక్కు నాకుంది. లోకంలోంచే పొమ్మనటానికి నేనెవర్ని?"

"నీ దేవుడు నా మిర్చి నాటుతాడేమో కనుక్కో మరి" అని విసురుగా లేచిపోయాడు బుడాన్. ఆ సాయంత్రమే వినుకొండ వెళ్లి సైకిల్ షాపులో బేరింగు గుళ్లు గుప్పెడు కొని జేబులో వేసుకున్నాడు.

తుఫాను ముసురు వదిలిన మర్నాడు తెల్లవారింది. మంచు పొగలా కమ్ముకుని, పది మొక్కల అవతల ఏముందో తెలియడం లేదు. బుడాన్ చేను దగ్గరకొచ్చేసరికి గట్టు మీద తుమ్మ మొద్దుకు ఆనించి జక్రయ్య తుపాకీ, కొమ్మకు వేలాడుతూ ఆయన సంచీ కనిపించాయి. మనిషి లేడు. చేలో రెండు జింకలున్నాయి. తల వంచి చిగుళ్లు కొరుకుతున్న చప్పుడు బుడాన్ చెవికి స్పష్టంగా వినబడుతోంది.

జక్రయ్య మందు నింపిన తుపాకీని ఎక్కడా దించడు. అది ఊరందరికీ తెలుసు. బుడాన్‌కు ఇంకా బాగా తెలుసు. కాబట్టి ఖాళీదే అనుకున్నాడు. ఎన్నిసార్లు చూశాడో ఆ పని. కొమ్ములోంచి మందు పోశాడు, నార కూరాడు, జేబులోంచి గుళ్లు తీసి గొట్టంలోకి జారవిడిచాడు, పైన మళ్లీ నార. టోపీ కోసం సంచీలో తడుముతుంటే జింకలు చెవులు నిక్కించాయి. మరుక్షణం అక్కడ ఖాళీ మొక్కలే మిగిలాయి. బుడాన్ తుపాకీని ఉన్నచోట ఆనించి, కడ్డీని దాని గాడిలో పెట్టి, దూరంగా జరిగి నిలబడ్డాడు. జక్రయ్య ఎటైనా పోయినప్పుడు గుళ్లు తీసెయ్యవచ్చు, చెప్పకుండానే సాయంత్రం దాకా నెట్టెయ్యవచ్చులే అనుకున్నాడు.

జక్రయ్య మంచులోంచి గబగబా వచ్చాడు.

"వచ్చావా అల్లుడూ. దగ్గరికి రామాక. ఇందాక పేలిస్తే టోపీ చిటుక్కుమంది గానీ మందు రాజుకోలా. ముసురుకి చెమ్మెక్కినట్టుంది. ఇట్టాంటప్పుడు ఆలస్యంగా అంటుకుని పేలినా పేలుద్ది, అందుకే ఆ మూతిని ఆకాశానికి పెట్టి, కలుపుకొచ్చే ఆడాళ్లను దారిలోనే ఆపి వచ్చా. టోపీ మారుస్తా, ఈసారి పోద్ది."

అప్పుడర్థమైంది బుడాన్‌కు. అయితే గొట్టంలో మందు ముందే ఉంది. దాని నెత్తిన తాను పోసిన మందు ఉంది. ఆ పైన ఇనుప గుళ్లు. అంత బరువు మోసే గొట్టం కాదది, ఆదాం నాటి పాత ఇనుము. పేలితే గొట్టం చీలిపోతుంది. దానికి ఆనుకుని ఉండేది ఆయన చెంప, ఆయన ఎడమ చెయ్యి.

చెబితే? లైసెన్సు తుపాకీని ఇంకొకడు ముట్టుకోవడమే నేరం. గుళ్లు ఎందుకు పెట్టావంటే ఏం చెప్పాలి? ఫారెస్టోళ్లకు తెలిస్తే కేసు. దారిలో ఆగిన ఆడవాళ్లలో తన భార్య సైదాబీ కూడా ఉంది.

జక్రయ్య కొత్త టోపీ తొడిగాడు. టోపీ మీద కొట్టే తుపాకీ గుర్రాన్ని బొటనవేలితో వెనక్కి లాగాడు. టక్కుమంది. వెనక చెక్కను చెంపకు ఆన్చి, మూతిని గుట్ట పైకి ఎత్తాడు.

"మామా, ఆగు."

"ఏందిరా?"

"పేల్చమాక. నేను... దాంట్లో నేను ఇంకోసారి పోశా. గుళ్లు కూడా ఏశా."

జక్రయ్య కదల్లేదు. తల తిప్పి బుడాన్ వైపు చూడనూ లేదు. ఎత్తిన గుర్రాన్ని ఇప్పుడు చప్పుడు కాకుండా కిందికి దించాలి. వేలు జారితే అంతే. మంచుకు ఇనుమంతా తడిసి నూనె రాసినట్టుంది.

"వెనక్కి పో బుడానూ."

"పోను."

"నీకు పిల్లలున్నారురా. ఆ గట్టు అవతలికి పో."

"నేను చేసిన పనికి నిన్ను వొదిలి యాడికి పోను? నే పోను మామా."

జక్రయ్య తుపాకీని చెంప నుంచి దూరంగా జరిపి, కండువా కొసతో బొటనవేలు తుడుచుకుని, గుర్రాన్ని బిగించి పట్టి మీట నొక్కాడు. పెదవులు కదులుతున్నాయి. ఆ ప్రార్థనలో తన పేరు వినబడింది బుడాన్‌కు. గుర్రం వెంట్రుకవాసి చొప్పున దిగింది. మధ్యలో ఒకచోట వేలు చిన్నగా జారింది, మళ్లీ పట్టుకుంది. బుడాన్ కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి జక్రయ్య టోపీ ఊడబెరికి దూరంగా విసిరేస్తున్నాడు.

కడ్డీ గొట్టంలో వేసి చూశాడు. రోజూ పైకి కొద్దిగా కనబడే కడ్డీ ఇప్పుడు జానెడు పొడుగు బయటే నిలబడింది.

"స్ప్రే డ్రమ్ములో నీళ్లున్నయ్యా?"

"ఉన్నయ్."

"మందు కలిపినవి కాదుగా?"

"మంచి నీళ్లే మామా."

బుడాన్ చెంబుతో తెచ్చాడు. జక్రయ్య గొట్టంలోకి కొద్దికొద్దిగా పోశాడు. నార నానాలి, కింది మందు దాకా తడి దిగాలి. అంతసేపు ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. దారి వైపు నుంచి సైదాబీ కేకేసింది.

"ఏందయ్యో, పొద్దెక్కిపోతంది, రమ్మంటారా పొమ్మంటారా?"

"ఆడే ఉండండి" అని అరిచాడు బుడాన్.

కడ్డీ కొసకు మరలాంటి కొక్కెం తగిలించి, జక్రయ్య దాన్ని లోపల మెల్లగా తిప్పాడు. ముందు పై నార వచ్చింది. గొట్టం వంచితే గుళ్లు ఒక్కొక్కటే గట్టు మీదికి దొర్లాయి. మళ్లీ నార, తర్వాత తడిసిన నల్లటి ముద్ద. మళ్లీ నీళ్లు, మళ్లీ కొక్కెం, చివరికి తాను పొద్దున కూరిన ఉండ, దాని వెనక మందు. గొట్టం కడిగిన నీళ్లు తెల్లబడేదాకా వదల్లేదు.

అప్పుడు తుపాకీని పక్కన పెట్టాడు. గుళ్లన్నీ ఏరి, బుడాన్ చేతిలో పోశాడు.

"నీ సైకిలుకు పనికొస్తయ్."

బుడాన్ నవ్వలేకపోయాడు. "నాలుగు తన్ను మామా. తిట్టనన్నా తిట్టు."

"తిట్టే ఓపిక యాడుందిరా." జక్రయ్య గట్టు మీద కాళ్లు చాపి కూర్చున్నాడు. "నువ్వు చెప్పకుండా ఊరుకుని గొట్టం చీలినా, అది నీ పనని ఎవరికీ తెలిసేది కాదు. చెప్పావు. అది చాల్లే."

మంచు పలచబడింది. ఇక ఆగలేక ఆడవాళ్లు గట్టెక్కి వస్తున్నారు. ముందు సైదాబీ, వెనక అన్నం క్యారేజీతో దేవకుమారి. గట్టంతా పరచుకున్న తడి నారను, నల్లటి ముద్దలను దేవకుమారి దూరం నుంచే చూసింది. ఆమె నడక వేగమైంది.

జక్రయ్య బుడాన్ భుజం పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు.

"అల్లుడూ, నాకొక సాయం చెయ్. ఆమె ఏం జరిగిందని అడుగుద్ది. నేను చెప్పానంటే నిన్ను తప్పించి చెప్తా, నా సంగతి నాకు తెలుసు. మందు చెమ్మెక్కింది, కడిగాను, అంతే అంటా. ఇన్నేళ్లలో ఆమెకు నేను అబద్ధం చెప్పలేదురా. ఇవాళ నా చేత చెప్పించమాక. నువ్వే చెప్పు."