జిగురు మాస్టారి పద్నాలుగు నిమిషాలు

జిగురు మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే. జిగటగా ఉండే దేని పేరైనా చెవిన పడిందంటే, ఆ పేరు ఎక్కడ పుట్టింది, ఎవరింట్లో పెరిగింది, ఏ దారిన ఇక్కడిదాకా వచ్చింది, అంతా చెప్పందే ఎదుటివాణ్ణి వదలరు. చీమిడి, కఫం, కళ్ళె, తెమడ లాంటి మాటలు వింటే మామూలు మనుషులు మొహం చిట్లించుకుంటారు. మాస్టారికి మాత్రం అవన్నీ మేనల్లుళ్ళూ మేనకోడళ్ళూనూ.

నిజానికి ఆయన మాస్టారేం కాదు. ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఏళ్ళుగా కఫం శాంపిళ్ళు తీసుకునే టెక్నీషియను. పాఠం చెప్పించుకున్నవాళ్ళు కసికొద్దీ పెట్టిన పేరది, ఆయన బిరుదనుకుని పుచ్చుకున్నారు.

ఓ పొద్దున టీ తాగుతూ నర్సమ్మ తుమ్మింది. మాస్టారు కుర్చీ ఇటు తిప్పారు.

"జలుబా అమ్మా?"

"అబ్బే, దుమ్మండీ!" అంది నర్సమ్మ, ముక్కులోంచి కారుతున్నది చేతిరుమాలుతో ఆపుకుంటూ.

ఆ ల్యాబులో ముప్పై ఏళ్ళుగా ఎవరికీ జలుబు చెయ్యలేదు. వానాకాలంలో, చలికాలంలో, నూట రెండు జ్వరంతో సహా, అందరికీ దుమ్మే. ఒప్పుకున్నవాడికి ఆ పూట పని సాగదని తరతరాల అనుభవం.

కొత్తగా ఇన్‌చార్జిగా వచ్చిన డాక్టరమ్మకి ఈ సంగతి తెలీదు. ఆవిడ మొదటిరోజే చూసింది వరండాలోంచి రోడ్డుదాకా పాకిన క్యూని. మనిషి మంచిదే, కానీ గడియారం మనిషి. ఇంట్లో పప్పు ఉడికే విజిళ్ళు కూడా కాగితమ్మీద రాసుకునే రకం. ఒక చిన్న నోటుబుక్కు పట్టుకుని శాంపిల్ గదిలో ఓ మూల కూర్చుంది.

గది అంటే గొప్పదేం కాదు. గోడకి అద్దాల కిటికీ, అద్దానికి చెయ్యి పట్టేంత కంత. ఇవతల మాస్టారు, అవతల గాలి ధారాళంగా ఆడే వరండాలో రోగి. కంతలోంచి డబ్బా పుచ్చుకోవాలి, గుండెల్లోంచి దగ్గి కఫం అందులో వెయ్యాలి, మూత బిగించి తిరిగివ్వాలి. రెండు నిమిషాల పని.

ముందు ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు. వీధంతా వినపడేలా దగ్గి, డబ్బా ఇచ్చి, ఈల వేసుకుంటూ పోయాడు. డాక్టరమ్మ రాసుకుంది: రెండు నిమిషాలు.

తర్వాత ఓ లారీ డ్రైవరు. లారీ అంత మనిషీ తల దించుకుని, డబ్బాని అరచేతిలో దాచేసుకుని నిలబడ్డాడు. మాస్టారు కంతకి మొహం ఆనించారు.

"ఏం నాయనా, కఫానికి ఇంగ్లీషులో ఫ్లెమ్ అనే మాట ఉంది, విన్నావా?"

"డాక్టరుగారి చీటీలో ఉందండీ."

"దానికి గ్రీకులో అర్థం మంట!"

"మంటా? ఇంత చల్లగా, తడిగా ఉండేదానికా?"

"అదే కదా తమాషా! ఒంట్లో వేడి పుడితే ఇది ఊరుతుందని ఆ కాలంవాళ్ళ నమ్మకం. పెట్టినవాడు పెట్టిపోయాడు, మనం మోస్తున్నాం."

డ్రైవరు ఆలోచించాడు. "మా ఆవిడకి శాంతమ్మని పేరెట్టినట్టుందండీ," అని పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు అతన్ని రెండుగా మడిచింది.

డాక్టరమ్మ ఇవేవీ చూడలేదు. గడియారం చూసింది. పద్నాలుగు నిమిషాలు. తర్వాత వచ్చిన పళ్ళబండాయన లెక్కా, కాలేజీ అమ్మాయి లెక్కా కూడా అలాగే రాసుకుంది.

ఆ మధ్యాహ్నం మాస్టారి భార్య క్యారేజీ తెచ్చింది. డాక్టరమ్మ ఉండబట్టలేక, "ఇంట్లో కూడా ఇంతేనా అండీ?" అని అడిగింది.

"పెళ్ళైన కొత్తలో నాకు పడిశం పట్టింది డాక్టరమ్మా. కాసిని వేడినీళ్ళిస్తారేమో అని చూశాను. పక్కన కూర్చుని, శ్లేష్మమూ ఆశ్లేషమూ అక్కాచెల్లెళ్ళన్నారు. ఆశ్లేషమంటే కౌగిలిట. రెంటికీ అతుక్కోవడమనేదే మూలమట. ముప్పై ఏళ్ళలో ఈయన నాతో ఆడిన సరసం అదొక్కటే."

"వేడినీళ్ళు కూడా ఇచ్చాను," అన్నారు మాస్టారు చిన్నబుచ్చుకుని.

"ఇచ్చారు. కథ అయ్యేసరికి చల్లారిపోయాయి."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది గానీ మింగేసింది. సాయంత్రం మాస్టార్ని పిలిచి ఆర్డరు చెప్పింది.

"రేపట్నుంచి శాంపిల్ గదిలో కథలొద్దు మాస్టారూ. పేరు, వయసు మాత్రం అడగండి."

"పేరంటే ఎవరిదమ్మా? రోగిదా, కఫానిదా?"

"రోగిది!"

మాస్టారు ఆజ్ఞని అక్షరాలా పాటించారు. ఎంతగా పాటించారంటే, టీ అడగడం కూడా సైగలతోనే. ముక్కు చీదుకుంటూ ఎదురొచ్చిన నర్సమ్మని చూసి కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగి నిలబడ్డారు. పాపం, ఆవిడే జాలిపడి, "నిజంగా దుమ్మేనండీ," అని ఓదార్చింది.

క్యూ కరిగిపోయింది. పదకొండు గంటలకల్లా వరండా ఖాళీ. డాక్టరమ్మ తన భుజం తానే తట్టుకుంది. ఆ ఆనందం నాలుగోరోజు దాకా ఉంది. నాలుగోరోజు స్లైడ్లు చూసే అమ్మాయి కాగితాల కట్ట తెచ్చి బల్లమీద పెట్టింది.

"నలభై శాంపిళ్ళలో ఇరవయ్యారు పనికిరావు మేడమ్. వట్టి ఉమ్ము. ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందేం లేదు. అందరూ మళ్ళీ ఇవ్వాలి."

డాక్టరమ్మ వరండాలో పెద్దక్షరాలతో బోర్డు పెట్టించింది: ఊపిరి లోతుగా పీల్చండి, గట్టిగా దగ్గండి. జనం బోర్డు చదివారు, అటూ ఇటూ చూశారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సున్నితంగా ఉమ్మి వెళ్ళిపోయారు.

అలా వెనక్కి వచ్చినవాళ్ళలో ఓ దర్జీ అమ్మాయి ఉంది. ఇది మూడోసారి. నెలరోజులుగా దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం, జాకెట్టు చేతులు వదులై జారుతున్నాయి. ఎక్స్‌రేలో మచ్చ కనపడింది. కానీ కఫంలో క్రిమి దొరికితేగానీ అది టీబీయో కాదో, ఏ మందు పనిచేస్తుందో తేలదు. తేలేదాకా మందు లేదు. మందు లేనన్నాళ్ళూ అమ్మాయి కరిగిపోతూనే ఉంది. డాక్టరమ్మకి నిన్న రాత్రి అన్నం సయించలేదు. తానే కంత దగ్గర కూర్చుంది.

"మీ షాపులో ఏం చెప్పి వచ్చావమ్మా?"

"బొత్తాలు కొనడానికని చెప్పానండీ."

"మొన్న?"

"మొన్నా బొత్తాలేనండీ." ఆ అమ్మాయి పైటచెంగు నోటికి అడ్డంపెట్టుకుని నేలకేసి చూస్తూ మాట్లాడుతోంది. "నలుగురూ చూస్తుండగా ఆ అసహ్యం ఎలా తీసివ్వనండీ? నావల్ల కాదు. ఇంక రానండీ."

ఇంక రానన్న మాట డాక్టరమ్మ గుండెలో ముల్లులా దిగింది. చేతిలో నోటుబుక్కు తిరగేసింది. కానిస్టేబుల్ రెండు. లారీ డ్రైవరు పద్నాలుగు. పళ్ళబండాయన మూడు. కాలేజీ అమ్మాయి పద్నాలుగు. ఆ మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కానిస్టేబులూ పళ్ళబండాయనా దర్జాగా తలెత్తుకుని వచ్చారు. మాస్టారు వాళ్ళతో ఒక్క ముక్క మాట్లాడలేదు. డ్రైవరూ కాలేజీ అమ్మాయీ ఇదిగో, ఇలాగే, నేలకేసి చూస్తూ వచ్చారు.

డాక్టరమ్మ తలుపు దగ్గరికి చూసింది. మాస్టారు నడవాలో నిలబడి ఉన్నారు. పెదాలు బిగించుకుని, కాళ్ళు మార్చి మార్చి వేస్తున్నారు.

ఆవిడ గొంతు సవరించుకుంది. "చూడమ్మా, మన మెదడు కింద ఒక గ్రంథి ఉంటుంది. పిట్యూటరీ. శనగగింజంత. మనం ఎత్తు పెరగాలన్నా, పిల్లలు పుట్టాలన్నా దాని పెత్తనమే. అంత దొరగారికి ఆ పేరెలా వచ్చిందో తెలుసా?"

దర్జీ అమ్మాయి తల కొంచెం ఎత్తింది.

"మెదడులో ఊరిన చీమిడి దాంట్లోంచే ముక్కులోకి కారుతుందని పూర్వం వైద్యులు అనుకున్నారు. అందుకని గ్రీకులో చీమిడి అని అర్థం వచ్చే పేరు..."

"లాటిన్!" అని నడవాలోంచి ఒక్క కేక.

"మాస్టారూ!"

"క్షమించాలమ్మా. తల తీసినా వింటాను గానీ పిట్యూటరీని గ్రీకువాళ్ళకి కట్టబెడితే వినలేను. గ్రీకువాళ్ళ చీమిడి వేరు. మిక్సా అంటారు. దీపం ముక్కులోంచి వేలాడే వత్తిని చూసి కూడా వాళ్ళు అదే మాట అన్నారు. అగ్గిపుల్లకి ఇంగ్లీషులో ఉన్న మ్యాచ్ అనే పేరు దాని మనవరాలేనని ఒక వాదన. గ్యారంటీ ఇవ్వను, పండితుల్లో గొడవుంది."

"అంటే," అంది దర్జీ అమ్మాయి నెమ్మదిగా, "మా ఓనరమ్మ రోజూ దేవుడి దగ్గర వెలిగించేది..."

"చీమిడి ముక్కే తల్లీ!"

ఆ ఓనరమ్మ ఎంత శుభ్రం మనిషో ఏమో మరి, దర్జీ అమ్మాయికి నవ్వు ఆగలేదు. పైటచెంగు జారింది, కళ్ళనీళ్ళొచ్చాయి, గోడ పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు లోపలెక్కడో నెలరోజులుగా గడియ పెట్టుకున్న తలుపుని తన్నింది. దగ్గు తెరలు తెరలుగా పొంగుకొచ్చింది.

"డబ్బా! డబ్బా!" అని మాస్టారూ డాక్టరమ్మా ఒకేసారి అరిచారు.

స్లైడ్లు చూసే అమ్మాయి ఆ శాంపిల్ మీద "భేషైనది" అని రాసింది. ఫారంలో ఆ మాటకి చోటు లేదు, పక్కన రాసింది. టీబీయే. తగ్గిపోయే టీబీ. మర్నాటి నుంచే మందులు మొదలయ్యాయి.

ఆ సాయంత్రం డాక్టరమ్మ తనే టీ తెచ్చి మాస్టారి ముందు పెట్టింది.

"దగ్గు తెప్పించడానికి నవ్విస్తున్నారని ముందే చెప్పొచ్చుగా మాస్టారూ?"

"నవ్వించాలని కాదమ్మా చెప్పేది." ఆయన టీ ఊదుకున్నారు. "ఆ డబ్బా పట్టుకున్న మనిషి, తన ఒంట్లో ఏదో పాపిష్టిది ఉందని కుంగిపోతాడు. నువ్వు మోసుకొచ్చినదానికి పెద్ద వంశం ఉందయ్యా, గ్రీకులో తాతలున్నారు, మెదడులో దొరలున్నారు అని చెబితే ఓసారి తలెత్తి చూస్తాడు. తలెత్తితే ఊపిరాడుతుంది. మిగతాది దగ్గు చూసుకుంటుంది."

"మరి మమ్మల్నెందుకండీ చంపడం?" అంది నర్సమ్మ.

"మీ దగ్గర చెప్పేది సరదాకమ్మా," అన్నారు మాస్టారు నిజాయితీగా.

ఆరునెలలు గడిచాయి. క్యూ మళ్ళీ రోడ్డుదాకా పాకింది. డాక్టరమ్మ నిలబడ్డవాళ్ళకి బెంచీలు వేయించి ఊరుకుంది.

మందుల కోర్సు అయిపోయి, ఆఖరి పరీక్షకని దర్జీ అమ్మాయి వచ్చింది. బుగ్గలు నిండాయి. జాకెట్టు చేతులు బిగుతుగా ఉన్నాయి. షాపులో ఆసుపత్రికని చెప్పే వచ్చిందట. డబ్బా పుచ్చుకుని లోతుగా ఊపిరి పీల్చి దగ్గింది. ఏమీ రాలేదు.

మాస్టారు చొక్కా చేతులు మడుచుకుని రంగంలోకి దిగారు. ఫ్లెమ్ చెప్పారు. పిట్యూటరీ చెప్పారు. అగ్గిపుల్ల చెప్పారు, పండితుల గొడవతో సహా. కీళ్ళవాతానికి వాడే రుమాటిజం అనే మాటకి ప్రవాహం అని అర్థమని, జలుబు కారి కారి మోకాళ్ళలోకి చేరుతుందని పూర్వం అనుకునేవారని చెబుతూ కుంటి నడక నడిచి చూపించారు. దర్జీ అమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది, బెంచీమీద కూలబడి నవ్వింది. క్యూలో అందరూ నవ్వారు. అంత నవ్వులోనూ ఒక్క దగ్గు లేదు. గుండెల నిండా గాలి తీసుకుని, గంట కొట్టినట్టు నవ్వుతోంది పిల్ల.

మాస్టారు ఖాళీ డబ్బా వెనక్కి పుచ్చుకున్నారు. ముప్పై ఏళ్ళలో ఆయన పాఠం విఫలమవడం ఇదే మొదటిసారి. ఆయన మొహం చూస్తే మాత్రం లాటరీ తగిలినవాడిలా ఉన్నారు.

"ఫారంలో ఏం రాయమంటారు డాక్టరమ్మా?"

"శాంపిల్ రాలేదు, ఎంత నవ్వినా, అని రాయండి," అంది డాక్టరమ్మ. ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. తర్వాత ముక్కు కూడా తుడుచుకోవాల్సొచ్చింది.

ఆ చప్పుడికి మాస్టారి చెవులు నిక్కాయి. కుర్చీ నెమ్మదిగా ఇటు తిరిగింది.

"జలుబా డాక్టరమ్మా?"

వెనకనించి నర్సమ్మ దుమ్మనండి, దుమ్మనండి అని చేతులూపి సైగ చేస్తోంది. డాక్టరమ్మ చేతి గడియారం విప్పి సొరుగులో పడేసి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"జలుబే మాస్టారూ. చెప్పండి."