కోపం రాని ఎలోడియా

ఎలోడియాకు కోపం రాదని ఊరంతా ఒప్పుకుంటారు. ఆ మంచిపేరే ఆమె పాలిట శిక్ష అయింది.

హాలిస్కో కొండల్లోని ఆ ఊళ్లో బిర్రియా అనే మేకమాంసం పులుసు లేకుండా పెళ్లి లేదు, పసిబిడ్డకు జ్ఞానస్నానం లేదు. మిరపకాయల ముద్ద పట్టించిన మాంసాన్ని మట్టికుండలో సర్ది, మూత చుట్టూ మొక్కజొన్న పిండి మెత్తి, బాగా కాలిన మట్టి పొయ్యిలోకి తోసేస్తారు. మళ్లీ తెరిచేదాకా లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. కంటికి కనపడని చోట నమ్మకాలు పుడతాయి. పొయ్యి దగ్గర ఉన్న మనిషి కడుపులో కోపం ఉంటే మాంసం మొండికేసి, పచ్చిగానే ఉండిపోతుందని అక్కడి వాళ్ల నమ్మకం.

ఎలోడియా భర్త ఎవారిస్తోకు ముక్కు మీదే కోపం. రేడియో గరగరమన్నా, బూటు తాడు తెగినా ఇల్లు పీకి పందిరేస్తాడు. పెళ్లయిన కొత్తలోనే అతని తల్లి కోడలికి చెప్పింది: "వాణ్ణి మాత్రం పొయ్యి దగ్గరికి రానివ్వకు." అప్పటినుంచి అతను కట్టెపుల్ల అందించిన పాపాన పోలేదు. అతని అక్క ఓబ్దూలియాది కూడా అదే రక్తం కనుక ఆమెకూ మినహాయింపు దొరికింది. మిగిలింది నోట్లో నాలుక లేని ఎలోడియా. మొదట ఆ ఇంటి విందులకు వండింది. తర్వాత వీధి విందులకు, ఆ తర్వాత ఊరి విందులకు. చర్చిలో గంటలు మోగే వేళకు ఆమె ఎప్పుడూ పొయ్యి ముందు పీట మీదే ఉండేది. ఓబ్దూలియా కూతురు యెసేనియాకు జ్ఞానస్నానం జరిగినప్పుడూ అంతే, పెళ్లి జరిగినప్పుడూ అంతే. ఎలోడియాకు పిల్లలు లేరు. తల్లి చెరకు మిల్లు దగ్గర టిఫిన్లు అమ్ముకోవడానికి పోతే యెసేనియాకు జడలు వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ ఈమే. అయినా ఆ పిల్ల పెళ్లి ఫొటోల్లో ఈమె మచ్చుకైనా కనపడదు.

ఇప్పుడు యెసేనియాకు కొడుకు పుట్టాడు. ఆదివారం మధ్యాహ్నం పూజలో జ్ఞానస్నానం.

శనివారం ఎలోడియా పెరట్లో కూర్చుని ఎండు మిరపకాయల తొడిమలు తీస్తోంది. మోకాళ్లు బిగుసుకుపోయి, లేవాలంటే గోడ పట్టుకోవలసి వస్తోంది. అలసట ఈ మధ్య నిద్రతో పోవడం లేదు. పొద్దున ఆమె కంటే ముందే లేచి కూర్చుంటోంది. కాయల్ని పెనం మీద వేయించి, వేడినీళ్లలో నానేసి, వెల్లుల్లి, జీలకర్ర, లవంగం, దాల్చినచెక్క, వెనిగర్ చేర్చి రాతి మీద నూరింది. మేకమాంసాన్ని ముక్క ముక్కకూ ఆ ఎర్రటి ముద్ద పట్టిస్తుండగా బిడ్డను చంకనేసుకుని యెసేనియా వచ్చింది.

"అత్తా, రేపు నువ్వు చర్చికి రావాలి."

"పొయ్యి ఎవరు చూస్తారే?"

"ఎవరో ఒకరు చూస్తారు. కాకపోతే మాడి చస్తుంది. నా పెళ్లికి రాలేదు, సరే అనుకున్నా. వీడి నెత్తిన నీళ్లు పోసేటప్పుడు నువ్వు లేకపోతే నేను ఒప్పుకోను."

"మీ అమ్మ ఒప్పుకోవాలిగా."

"మా అమ్మ సంగతి నాకొదిలెయ్. నీకు రావాలని ఉందా లేదా, అది చెప్పు."

ఎలోడియా ఇంకో ముక్కకు ముద్ద పట్టించింది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"ఉంది," అంది.

ఆదివారం తెల్లవారాక కుండ మూతకు పిండి మెత్తి పొయ్యిలోకి నెట్టింది. పొయ్యి నోటికి రేకు అడ్డం పెట్టి, సందుల్లో తడిమట్టి పూసింది. తర్వాత స్నానం చేసి, పెట్టె అడుగున మడతపెట్టిన నీలం గౌను తొడుక్కుంది. నడుం దగ్గర బిగుతుగా ఉంది. శాలువా భుజాన వేసుకుంటుండగా ఓబ్దూలియా ఊడిపడింది.

"ఇదేం వేషమే? ఎక్కడికి ప్రయాణం?"

"చర్చికి, వదినా."

"చర్చికా! మరి పొయ్యో?"

"మూత పెట్టేశా. మట్టి పూసేశా. అది నా మొహం చూసి ఉడుకుతుందా?"

ఓబ్దూలియా గతుక్కుమంది. మరదలి నోటి నుంచి అలాంటి మాట ఆమె ఎప్పుడూ వినలేదు. గొంతు తగ్గించి అడిగింది: "ఏమే, నీకు కోపం గానీ వచ్చిందా ఏంటి? నిజం చెప్పు. ఊరందర్నీ పిలిచాం. ఈరోజు పోయి పోయి మాంసం పచ్చిగా ఉందనుకో, నా పరువేం కావాలి?"

గోడ పక్కన రేడియో విప్పుకుని కూర్చున్న ఎవారిస్తో తలెత్తాడు. "దానికి కోపమేంటి అక్కా? నోట్లో వేలు పెట్టినా కొరకదు."

ఎలోడియా పీట మీద కూర్చుంది. నిలబడి చెప్పే ఓపిక లేదు.

"వచ్చింది, వదినా," అంది. "ఈరోజు కాదు. మీ పెద్దవాడి జ్ఞానస్నానం రోజు వచ్చింది. యెసేనియా పెళ్లి రోజు మరీ వచ్చింది. మీరంతా కొత్త బట్టలేసుకుని వీధి మలుపు తిరుగుతుంటే ఈ పొయ్యి దగ్గర కూర్చుని మిమ్మల్ని ఒక్కొక్కర్నీ పేరుపేరునా తిట్టుకున్నా. చచ్చిపోయిన అత్తగార్ని కూడా వదల్లేదు. ఇన్నేళ్లూ కోపంతోనే వండా. ఒక్కసారైనా మాంసం పచ్చిగా ఉందా?"

ఓబ్దూలియా శిలువ గుర్తు వేసుకుంది.

"అమ్మో, అమ్మో! ఆ కోపమంతా మేం తిన్నామా!"

"తిన్నారు. ఎముకలు కూడా చీకారు."

ఎలోడియా గోడ పట్టుకుని లేచింది. భర్త వైపు తిరిగి, "రేకు పక్కన ఆవిరి కనిపిస్తే మట్టి పుయ్యి. అంతకు మించి చేసేదేం లేదు," అని చెప్పి నడిచింది.

"ఒరే ఎవారిస్తో!" వెనక ఓబ్దూలియా కేకలు వేస్తూనే ఉంది. "పొయ్యికి తగిలిన కోపం పోవాలంటే దాని చుట్టూ నవ్వుతూ చిందెయ్యాలి. లే! నేను బిడ్డ దగ్గరుండాలి. ముఖం అలా పెట్టకు, నవ్వు!"

చర్చికి దారి ఎత్తు. ఎలోడియా రెండుచోట్ల ఆగింది. లోపల చల్లగా ఉంది. వెనక బల్ల మీద కూర్చుంది. ముందు వరసలోంచి యెసేనియా తిరిగి చూసి, బిడ్డను కాస్త పైకెత్తి చూపించింది. ఎలోడియా చెయ్యి ఊపింది. ఫాదర్ చదవడం మొదలుపెట్టాడు. ఆయనది నెమ్మదైన గొంతు. ఎవరూ ఆమెను ఏమీ అడగడం లేదు. చూడవలసిన మంట లేదు, కలియబెట్టవలసిన గిన్నె లేదు. అలా ఖాళీగా కూర్చోవడం ఒంటికి అలవాటు లేదు. అలవాటు లేని ఆ ఒళ్లు, ఖాళీ దొరికితే తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేసింది. బిడ్డ నెత్తిన నీళ్లు పడేటప్పటికి ఆమె గాఢనిద్రలో ఉంది. బిడ్డ ఏడుపు కూడా వినపడలేదు.

అంతా బయటికి వెళ్లాక యెసేనియా భుజం తట్టి లేపింది.

"చూశావా, అత్తా?"

"మొదలు చూశానే." అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఆ తర్వాత కన్నంటుకుంది."

యెసేనియా నవ్వింది. "వచ్చావుగా. చాలు."

ఇంటికొచ్చేసరికి పెరడంతా జనం. ఎవారిస్తో చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. పక్కింటి పిల్లలు అతన్ని వదలకుండా చిందేయించారట. కుండ మూత లేపగానే మిరపకాయల ఆవిరి గుప్పుమంది. ఓబ్దూలియా ఎముక పట్టి లాగితే కండ జారి కింద పడింది. అందరూ హమ్మయ్య అన్నారు.

"ఎవారిస్తో చిందు కాపాడింది," అన్నారెవరో. పదిమందీ అదే అన్నారు. ఎలోడియా కాదనలేదు. ఒక కుర్చీ లాక్కుని, గిన్నెలో పులుసు పోయించుకుని, ఉల్లిపాయ, నిమ్మరసం కలుపుకుని, రొట్టె ముంచుకుని తినసాగింది. తను వండినది పొగలు కక్కుతుండగా తినడం ఆమెకు కొత్త.

ఎదురింటి క్లియోతిల్దె దగ్గరికొచ్చింది. "వచ్చే నెల మావాడి పెళ్లి ఎలోడియా, నువ్వు కాస్త..." అని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ఎవారిస్తో వైపు తిరిగింది. "బాబూ, నీకు వీలవుతుందా? చెయ్యి మంచిదని తేలిపోయిందిగా."

ఎవారిస్తో మొహం జేవురించింది. అరవడానికి నోరు తెరిచాడు. జనం అంతా అతన్నే చూస్తున్నారు, నవ్వుతూ. నోరు మూసుకున్నాడు.

"వీలవుతుంది," అంది ఎలోడియా, రొట్టె నములుతూ. "ముందు మిరపకాయల తొడిమలు తీయడం నేర్పిస్తాలే."