బూరె బీరువా ఎక్కింది

ఈ రోజు మా పిల్లి బూరె మా ఆయన్ని గీరేసింది. రోజూ ఆయన ఒళ్లోనే పడుకునేది, ఆయన కొత్త బియ్యం బస్తా తెచ్చి గుమ్మంలో దించగానే బుసకొట్టి బీరువా పైకెక్కింది. దింపబోతే చేతిమీద రక్తం వచ్చింది.

"అన్నం పెట్టే చెయ్యేనా నీకు దొరికింది? దీనికి పొగరు బాగా ఎక్కింది," అన్నారు.

"గుడివాడ రోడ్డు పక్కన మీకిది దేంట్లో దొరికిందండీ?" అన్నాను.

చెయ్యి కడుక్కుంటున్న ఆయన గుమ్మంలోని బస్తా వైపు చూశారు. మూతి కట్టి పారేసిన గోనెసంచిలో దొరికింది. ఆ ముడి విప్పింది ఆయనే.

ఖాళీ సంచి ఒక్కటి కూడా వదులుకోని మనిషి, బియ్యం డ్రమ్ములో పోసి గోనెసంచి పక్కింటివాళ్లకిచ్చేశారు. బూరె ఇంకా దిగలేదు. ఆయన పాలగిన్నెతో బీరువా పక్కనే కూర్చున్నారు.

భయాన్ని పొగరనుకోవడం మా ఇంట్లో పిల్లితోనే మొదలు కాలేదులెండి. మీ ఇంట్లోనో?