తొమ్మిదో వారం పాఠం

ఒకాయామా నగరంలోని విశ్వవిద్యాలయాల్లో ఒకదాంట్లో మతాల గురించి పాఠం చెప్పే చినాత్సు, ఆ పదిహేను వారాల కోర్సును మూడేళ్లు తల బద్దలుకొట్టుకుని తనే తయారుచేసింది. పిల్లల్ని నమ్మమనకూడదు, వెక్కిరించనివ్వకూడదు. అడగాలి, తరచి చూడాలి. తొమ్మిదో వారం ఏదో ఒక మతాన్ని నమ్మేవాళ్లలో ఒకరిని పిలిచి పిల్లలచేత ప్రశ్నలు వేయించాలి. తీరా ఆ వారానికి వస్తానన్నాయన మంచం పట్టాడు. ఇక గతిలేక తల్లి ఫుసాయేకి ఫోన్ చేసింది.

ఫుసాయే వెలుగు సంఘం అనే ఒక కొత్త మతం మనిషి. ఒకప్పుడు ఆదివారం వస్తే చాలు, కూతురి చెయ్యి పట్టుకుని కరపత్రాలతో గడపగడపా తొక్కేది. తలుపు తీసేదేమో బళ్లో తోటిపిల్లలు! ఆ అవమానాన్ని చినాత్సు ఇప్పటికీ మరవలేదు. పన్నెండేళ్లుగా తల్లితో పొడి మాటలే.

"రాకేం తల్లీ! ఎప్పుడంటే అప్పుడే," అంది ఫుసాయే, సంతోషం పట్టలేక.

"ఒక్క మాటమ్మా. నువ్వు మా అమ్మవని అక్కడెవరికీ తెలియకూడదు. వచ్చినవాళ్ల పేర్లు చెప్పం, అది మా పద్ధతి. నీ పేరులో మొదటి అక్షరంతో నువ్వు 'ఎఫ్‌గారు'వి. నన్ను టీచరుగారూ అనాలి."

"అలాగేనండీ టీచరుగారూ!" అని నవ్వింది పిచ్చితల్లి.

పద్ధతి ఉన్నమాట నిజమే. సిగ్గు కూడా ఉంది. ఆ ముక్క మాత్రం చినాత్సు నోట రాలేదు.

ఫుసాయే ఉన్నవాటిలో మంచి కోటు వేసుకొచ్చి ముందు వరసలో కూర్చుంది. హొనొకా అనే అమ్మాయి లేచి, చినాత్సు రాసిచ్చిన ప్రశ్నే చదివింది: "ఈ నమ్మకం వల్ల మీరేం పోగొట్టుకున్నారండీ?"

ఫుసాయే తన చేతులకేసి చూసుకుంది. "ఏముందమ్మా, ఆదివారం పూట నిద్ర!"

పిల్లలు గొల్లుమన్నారు. హమ్మయ్య అనుకుంది చినాత్సు.

పాఠం అయ్యాక ప్రతివాళ్లూ తమకు తోచింది చీటీ మీద రాసిచ్చి వెళ్లడం అక్కడ అలవాటు. ఖాళీ చీటీలు పంచడం ముందు వరసనుంచే మొదలైంది. తననూ రాయమన్నారనుకుంది కాబోలు, ఫుసాయే కూడా ఒకటి తీసుకుని వంచిన తల ఎత్తకుండా రాసింది. పిల్లలతోపాటే ఇచ్చి, వంగి నమస్కరించి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం తన గదిలో చినాత్సు ఆ చీటీలు చదువుతూ కూర్చుంది. ఒకదాని మీద విద్యార్థి నంబరు లేదు. ఆ చేతిరాత అమ్మదని చూడగానే తెలిసింది.

"ఆ పాప అడిగినదానికి నిజం చెప్పలేకపోయాను, క్షమించండి. నాకొక కూతురుండేది. దాన్ని పోగొట్టుకున్నాను. తప్పు నాదే. చలిలో ఆ చిన్నదాన్ని అలా తిప్పకుండా ఉండాల్సింది. ఇవాళ గంటన్నరసేపు దాన్ని కళ్లారా చూసుకున్నాను. టీచరుగారికి కృతజ్ఞతలు."

వెంటనే తల్లికి ఫోన్ చేసింది. అవతల రైలు చప్పుడు.

"అమ్మా! ఎక్కడున్నావమ్మా? వచ్చే స్టేషన్లో దిగిపో, నేనొస్తున్నా..."

"రైల్లో ఉన్నానండీ," ఫుసాయే గొంతు బాగా తగ్గించింది. "మీ క్లాసు పిల్లలిద్దరు ఎదురుగానే కూర్చున్నారు. మీ పాఠాన్ని తెగ మెచ్చుకుంటున్నారు. ఉంటానండీ, టీచరుగారూ."

ఫోన్ పెట్టేసింది. అది తెలిసి కూడా చినాత్సు అమ్మా, అమ్మా అని పిలుస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది.