పీడీ సార్ కప్పిన బరకం

పూల్ ఆడే బల్ల మీద పరిచిన గుడ్డకి తేమ పడితే ఒక వాసన వస్తుంది. వానలో తడిసి ఇంట్లో దండెం మీద ఆరేసిన శాలువా వాసన అది. ఈ ఉదయం మంగళగిరిలో, రాష్ట్రస్థాయి పోటీలు జరిగే హాల్లోకి అడుగు పెట్టగానే ఆ వాసన తగిలింది. నేనప్పటికే నేల మీద లేను. బస్సు దిగేలోపే డిగ్రీ ఫలితాలు వచ్చేశాయి. పాసయ్యాను, ఫస్ట్ క్లాసు! మా నాన్న వైపు చూసినా, అమ్మ వైపు చూసినా డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. అమ్మకి చెబితే ఫోను పెట్టేయకుండానే వీధిలోకి పరిగెత్తింది. "మా శిరీష డిగ్రీ పాసయ్యిందంట వదినా!" అని ఆవిడ ఇల్లిల్లూ తిరిగి అరుస్తుంటే నేను బస్టాండులో నిలబడి విన్నాను. రెండో ఫోను ఎవరికి చెయ్యాలో ఆలోచించక్కర్లేకపోయింది.

"సార్, పాసయ్యాను సార్! ఫస్ట్ క్లాసు!"

"తప్పుతావని ఎవరనుకున్నారమ్మా? మంచిది, చాలా మంచిది. ఇంతకీ అక్కడ బల్ల ఎలా ఉంది?"

ఆయనంతే. పేరు కోటేశ్వరరావు గారు. బందరు రోడ్డులోని మా కాలేజీకి ఫిజికల్ డైరెక్టరు, పోయినేడే రిటైరయ్యారు. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, కబడ్డీ పట్టుల్లో నలిగిపోయి మడత పడిన కుడి చెవి. జీవితమంతా కబడ్డీయే ఆడారు. పూల్ కర్ర ఎలా పట్టుకోవాలో కూడా ఆయనకు తెలియదు. నేను మొదటి సంవత్సరంలో చేరినప్పుడే ఎవరో పూర్వ విద్యార్థి కాలేజీకి ఒక పాత పూల్ బల్ల ఇచ్చాడు. ఆట వస్తువు కదా అని దాన్ని పీడీ సార్‌కి అప్పగించారు. క్యాంటీను పక్కన రేకుల గదిలో దాన్ని వేయించి, మమ్మల్ని పదిమందిని చుట్టూ నిలబెట్టి ఆయన చేసిన మొదటి ప్రసంగం ఇది: "నాకూ రాదు, మీకూ రాదు. ఒకరి దగ్గర ఒకరికి సిగ్గు అక్కర్లేదు." ఆ తరువాత కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, ఫోనులో వీడియోలు చూసుకుంటూ, మాతోపాటే ఒక్కొక్కటీ నేర్చుకున్నారు. మా కంటే ఒక పాఠం ముందుండేవారు, అంతే.

నాకు మొదట్లో బలంగా కొట్టడమంటే పిచ్చి. బంతులు ఢీకొట్టుకుని ఠపామని మోగితే చాలు, గెలిచినంత సంబరం. రంగు బంతి సంచిలో పడేది, దాని వెనకే కర్రతో కొట్టే తెల్లబంతి కూడా పడి తప్పయ్యేది. ఒకరోజు సార్ నా కర్ర పట్టుకుని ఆపేశారు.

"కూతకెళ్ళినోడు ఒకణ్ణి ముట్టుకుని అవతల కోర్టులోనే కూర్చుంటే పాయింటిస్తారా?"

"ఇవ్వరు సార్."

"మరి ఈ తెల్లబంతి ఎవరనుకున్నావ్? మన కూతగాడు. ముట్టుకుని తిరిగి రావాలి. ఎక్కడికి రావాలో వాణ్ణి పంపకముందే అనుకోవాలి. నువ్వేమో పంపించి, ఆనక దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నావ్."

గదంతా నవ్వులు. ఆ రోజు నుంచి మా కాలేజీలో తెల్లబంతి పేరు కూతగాడు. ఆయన చెప్పింది మాత్రం నవ్వులాట కాదు. కొన్ని వారాలపాటు నాకు వేరే బంతే ఇవ్వలేదు. తెల్లబంతి ఒక్కదాన్నే బల్ల అవతలి గట్టుకి కొట్టాలి, అది తిన్నగా తిరిగొచ్చి నా కర్ర మొనని తాకాలి. కొట్టే క్షణంలో నాకు తల ఎత్తే అలవాటు ఉండేది. దానికి ఆయన నా తల పైన జానెడు ఎత్తులో అరచెయ్యి పెట్టి నిలబడేవారు. "తల తగిలిందా, ఈ పూట టీ ఖర్చు నీదే." ఎన్ని టీలు ఇప్పించానో గానీ తల కిందికి దిగింది. మోచెయ్యి కుదుటపడింది. కర్ర బంతిని తాకిన చోటే ఆగిపోకుండా, దాని వెనకే కాస్త దూరం సాగనంపడం నేర్చుకుంది.

ఇక రెండో పాఠం బల్ల గురించి. మా గదిలో ఏసీ లేదు. ఎండాకాలంలో గుడ్డ పెళపెళలాడిపోయి బంతులు సిమెంటు గచ్చు మీద గోళీల్లా పరిగెత్తేవి. వానలు పట్టాయంటే అవే బంతులు, వెనక నుంచి ఎవరో లాగుతున్నట్టు ఈడుస్తూ నడిచి పాకెట్ ముందు ఆగిపోయేవి. మేం బల్లని తిట్టేవాళ్ళం. "బల్లని తిట్టడమంటే అంపైర్ని తిట్టడమే," అనేవారు సార్, "నీ గొంతు నొప్పి తప్ప తీర్పు మారదు." ఆయన మాత్రం ఆట మొదలెట్టే ముందు ఒక బంతిని చేత్తో మెల్లగా నాలుగు వైపులా దొర్లించి, అది ఎక్కడ నెమ్మదిస్తుందో, ఎటు ఒరుగుతుందో చూసేవారు. ఆ తర్వాత చేతి వెనక వైపుతో గుడ్డని తడిమేవారు. ఆ తడమడం నాకు తెలిసిందే. కళ్ళంలో ఆరబోసిన ధాన్యాన్ని మా నాన్న అలాగే తడుముతాడు. ఉయ్యూరు దాటాక పల్లెటూరు మాది. సార్‌ది కూడా రైతుల ఇల్లే.

రెండో సంవత్సరంలో యూనివర్సిటీ జట్టు ఎంపిక మా కాలేజీలోనే పెట్టారు. అమ్మాయిల్లో ఒక్కరికే చోటు. నాన్న ముందే తేల్చి చెప్పాడు: "జట్టులో పేరొస్తే ఆడుకో. రాలేదా, ఆ కర్ర అక్కడ పెట్టేసి సాయంత్రాలు ట్యాలీ నేర్చుకో. రేపు ఉద్యోగానికి అదే పనికొస్తుంది." ఆయన్ని తప్పుపట్టలేను. ఈ ఆట ఆయనకేం తెలుసు? కానీ ఆ గది నాకు పోతే ఏం పోతుందో నాకు తెలుసు. నాకు ఏదైనా బాగా వచ్చు అని నేను నమ్మిన మొదటి చోటు అది.

ఫైనల్ ముందురోజు సాయంత్రం పెద్ద వాన. రేకుల గది కారడం మొదలెట్టింది. సార్ కంగారుపడి, తన స్కూటరు డిక్కీలోని బరకం తెచ్చి బల్లకి నాలుగు వైపులా గాలి చొరకుండా కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టి వెళ్ళారు. ధాన్యం రాశిని కాపాడినట్టే కాపాడారు. పొద్దున బరకం ఎత్తితే లోపలంతా చెమట పట్టి ఉంది. గుడ్డ చల్లగా, మెత్తగా, బరువుగా తగిలింది. ఆట చూడ్డానికి వచ్చిన నాన్న ముందుకొచ్చి చేతి వెనక వైపు ఆనించాడు.

"తేమండీ సార్. బిగించి కప్పితే ధాన్యమైనా ఉక్కిపోద్ది కదండీ."

"నాదేనండీ తప్పు. కారే నీళ్ళకి భయపడ్డాను, లోపలి ఉక్క సంగతి మర్చిపోయాను," అన్నారు సార్. అంతటితో ఊరుకోలేదు. గుడివాడ నుంచి వచ్చిన నా ప్రత్యర్థి దగ్గరికి తిన్నగా వెళ్ళారు. "అమ్మాయ్, నేను బరకం కప్పి బల్లకి తడి పట్టించాను. బంతి దూరం పోదు. గట్టుకి తగిలి ఇరుకుగా తిరుగుద్ది. ఆడే ముందు దొర్లించి చూసుకో."

కోపంతో ఆయన్ని పక్కకి లాగాను. "ఆ అమ్మాయికెందుకు చెప్పారు సార్? ఇలాంటి బల్ల మీద ఆడ్డం నాకొచ్చు. ఆమెకి రాదు!"

"తెలీక ఆ పిల్ల ఓడిపోతే, నువ్వాడింది ఎవరితోనమ్మా? నా బరకంతో. బరకాన్ని గెలిచానని చెప్పుకుంటావా?"

మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్ళకి చోటు. కోపంలో మొదటి ఆట పోగొట్టుకున్నాను. బంతి పోవట్లేదని కర్రతో విసురుగా కొట్టాను, తల లేచింది. గుడివాడ అమ్మాయేమో సార్ చెప్పినట్టే బుద్ధిగా కొలుచుకుని ఆడింది. నాన్న ప్లాస్టిక్ కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. సార్ నా వైపు చూడలేదు, సలహా ఇవ్వలేదు. రెండో ఆటకి ముందు నేను ఒక బంతి తీసుకుని నాలుగు వైపులా దొర్లించాను. అప్పటికి బుర్ర చల్లబడింది. బలం కావాలంటే విసురు అక్కర్లేదు, కర్రని ఇంకాస్త వెనక్కి తీసి, ఇంకాస్త ముందుకి సాగనంపితే చాలు. రెండో ఆట నాదైంది.

మూడో ఆట చివరికొచ్చింది; ఎవరి రంగు బంతులు వాళ్ళు ముందు వేసేసి, ఆఖర్న నల్లబంతిని వేసినవాళ్ళదే గెలుపు. నావి అయిపోయాయి, ఆమెది ఒక్క బంతి ఉంది. అది సరిగ్గా నా దారికి అడ్డంగా కూర్చుంది. నల్లబంతిని పక్క గట్టుకి కొట్టి, తిప్పి ఎదుటి మూలలోకి పంపడం ఒక్కటే దారి. పొడి బల్ల మీదైతే ఏ చోట కొట్టాలో నాకు కంఠతా వచ్చు. ఆ చోటుని వదిలేసి, రెండు వేళ్ళు అవతలికి జరిగి గురిపెట్టాను. తల దించాను. తల పైన ఎవరి చెయ్యీ లేదు. కర్ర నెమ్మదిగా వెనక్కి వెళ్ళి, ముందుకు సాగింది. నల్లబంతి గట్టుకి తగిలి, ఇరుకుగా మళ్ళి, ఆగుతుందేమో అన్నంత నిదానంగా మూలకి నడిచి పడింది. తెల్లబంతి బల్ల మధ్యకి వచ్చి నిలబడింది.

గుడివాడ అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపింది. "బాగా లెక్కేశావే తల్లీ!" అంది. ఆ మాట ఎంత బరువైనదో! నేనేం చేశానో ఆమెకి పూర్తిగా తెలుసు కాబట్టే అనగలిగింది. సార్ గది మూల నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. నాన్న బయటికెళ్ళి బరకాన్ని ఎండలో పరిచి, "తడిగా మడిస్తే మళ్ళీ ఇదే అవుద్ది సార్," అంటూ ఆరేదాకా అక్కడే కూర్చున్నాడు. ఇంటికెళ్ళే బస్సులో, అడక్కపోయినా, కండక్టరుకి చెప్పాడు: "మా అమ్మాయి. యూనివర్సిటీ జట్టు." ట్యాలీ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇదంతా ఈ ఉదయం హాల్లో నిలబడి తలచుకున్నాను. తలుపులు తీసి ఉన్నాయి, బయట ముసురు. ఆట మొదలయ్యే ముందు బంతి దొర్లించి చూశాను. కిటికీ వైపు గుడ్డ తేమ పట్టి ఉంది. నా ప్రత్యర్థి అనంతపురం నుంచి వచ్చిన అమ్మాయి, నాకంటే పేరున్న ఆటగత్తె. ఆమె ఇంకా కర్రకి సుద్ద రాసుకుంటోంది. దగ్గరికెళ్ళి, "కిటికీ వైపు బంతి నెమ్మదిస్తోంది, చూసుకో," అన్నాను.

ఆమె బంతిని అటు వదిలింది. అది సగం దారిలోనే ఆగిపోయింది. నా వైపు అనుమానంగా చూసింది.

"నాకెందుకు చెప్తాండావ్?"

"నీతో ఆడదామని," అన్నాను.